బరువు లాగే పికప్పుకు ఇన్‌లైన్ సిక్స్ మేలా, వి8 మేలా?

#1 టెక్సాస్_పొలం

అందరికీ నమస్కారం. డల్లాస్‌కు పడమటి వైపు కొంత పొలం కొన్నాం. మేకలు పెంచుతున్నాం, కొద్దిగా పశుగ్రాసం కూడా వేస్తున్నాం. ఇంతవరకు పాత ఎఫ్-150తో నెట్టుకొచ్చాను. ఇక దానితో కాదు. గూస్‌నెక్ ట్రైలర్ (పికప్ పెట్టె మధ్యలోని కొక్కేనికి తగిలించేది) మీద స్కిడ్ స్టీర్ (చిన్న లోడరు యంత్రం) ఎక్కించి, పక్కన గడ్డి మోపులు వేస్తే ట్రైలర్‌తో కలిపి 14,000 పౌండ్ల దాకా తూగుతుంది.

డీజిల్ పికప్ కొనాలనుకుంటున్నాను. చూస్తున్నవి మూడు: ర్యామ్‌లో వచ్చే కమిన్స్ 6.7 లీటర్ల ఇన్‌లైన్ సిక్స్, షెవర్లేలో వచ్చే డ్యురామాక్స్ 6.6 వి8 (ఎనిమిది సిలిండర్లు వి ఆకారంలో రెండు వరుసలుగా ఉండేది), ఫోర్డ్‌లో వచ్చే పవర్ స్ట్రోక్ 6.7 వి8. సీట్లు, తెరలు, రంగుల సంగతి నాకు అక్కర్లేదు. ఇంజను గురించే అడుగుతున్నాను.

ఇక్కడ పశువుల సంతకు వచ్చే పెద్ద వయసు రైతుల్లో ఎక్కువమంది సిక్స్ తప్ప మరొకటి కొనవద్దంటారు. ఎందుకని అడిగితే "అది అలాగే ఉంటుంది" అంటారే గాని కారణం చెప్పరు. ఆరు సిలిండర్లను ఒకే వరుసలో నిలబెట్టడం వల్ల నిజంగా ఒరిగేది ఏమిటి? ఈ బండిని కనీసం పదిహేనేళ్ళు ఉంచుకోవాలని ఆశ. ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు నేనే మార్చుకుంటాను. అంతకు మించిన పని కూడా నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

#2 ఆటోనగర్_మేస్త్రి (విజయవాడ)

నమస్కారం సార్. మీరు అడిగిన కమిన్స్ మా చేతికి కొత్తది కాదు. 1989 మోడల్ డాడ్జ్ ర్యామ్‌లో మొదటిసారి పెట్టింది బి-సిరీస్ 5.9 లీటర్ల ఇంజను. అదే బి-సిరీస్ జంషెడ్‌పూర్‌లోని టాటా కమిన్స్ ఫ్యాక్టరీలో తయారై మన టాటా లారీల్లోకి వచ్చింది. మీ అమెరికా రైతు గడ్డి తోలుకున్న ఇంజనుతోనే మన డ్రైవర్లు ధాన్యం, ఇసుక, సిమెంటు తోలారు. ఇప్పటి 6.7 దాని వంశంలోదే.

మేస్త్రిగా నేను చూసేది ఒక్కటే: పని పడితే చెయ్యి ఎక్కడిదాకా వెళుతుంది? వరుస ఇంజనుకు హెడ్డు ఒకటే, హెడ్ గ్యాస్కెట్ ఒకటే. ఈ కమిన్స్‌లో పొగ గొట్టం, టర్బో ఒక పక్క. డీజిల్ ఫిల్టరు, పంపు రెండో పక్క. వేడి చోటు వేరు, నూనె చోటు వేరు. ఏది కారినా ఎటు నుంచి కారుతోందో కంటికి కనిపిస్తుంది. క్యామ్ షాఫ్టును (వాల్వులను తెరిచే కడ్డీని) తిప్పేవి గేర్లు. చెయిన్ సాగడం, బెల్టు తెగడం అనే మాటే లేదు.

ఈ 5.9లో లైనర్లు (సిలిండర్లలో తొడిగే, మార్చుకోగల గొట్టాలు) ఉండవు. బోరు (సిలిండరు రంధ్రం) అరిగితే బ్లాకునే బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తాం. పాత టాటా 697 కూడా వరుస ఆరే. ఆ అంకెలోనే సంగతంతా ఉంది: 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. ఇన్ని లక్షల కిలోమీటర్లు లారీలు లాగిన అమరికను పికప్పులో పెడితే దానికి అది తేలిక పనే. నా ఓటు సిక్స్‌కే.

#3 కొలరాడో_కొండదారి

> నా ఓటు సిక్స్‌కే.

మేస్త్రి గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ కొనబోయేది 2025 బండి అయితే 2025 అంకెలు చూడాలి. పవర్ స్ట్రోక్ హై ఔట్‌పుట్: 500 హార్స్‌పవర్, 1,200 పౌండ్-అడుగుల టార్క్ (మెలితిప్పే బలం). డ్యురామాక్స్: 470 హార్స్‌పవర్, 975 టార్క్. కమిన్స్: 430 హార్స్‌పవర్, 1,075 టార్క్. "సిక్స్‌కు కింది ఆర్‌పీఎమ్‌లో (నిమిషానికి తక్కువ చుట్లలో) పుల్లింగ్ ఎక్కువ" అని అందరూ అంటారు. అయితే ఫోర్డ్ వి8 తన 1,200 టార్క్‌ను 1,600 ఆర్‌పీఎమ్‌లోనే ఇస్తుంది. కమిన్స్ తన 1,075కు 1,800 దాకా వెళ్ళాలి. ఆ నానుడికి కాలం చెల్లింది.

నేను ఫోర్డ్ వి8తో ఐదో చక్రం క్యాంపర్ (ఇల్లులాంటి పెద్ద ట్రైలర్) లాగుతాను. డెన్వర్ నుంచి ఇంటర్‌స్టేట్ 70 మీద ఐసెన్‌హోవర్ సొరంగానికి ఎక్కే దారి సముద్ర మట్టానికి 11,000 అడుగుల పైన ఉంటుంది. ఆ ఎత్తులో గాలి పలచన. లారీలు కుడి వరుసలో పాకుతూ ఉంటే ఈ బండి గేరు దింపి, కుదురుగా, వేడి ముల్లు కదలకుండా ఎక్కుతుంది. దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేకు పట్టు కూడా అంతే. కొండ మీద హార్స్‌పవరే పని చేస్తుంది. ఆ హార్స్‌పవర్ వి8లో ఎక్కువ.

#4 క్రాంకు_లెక్కలు (ఇంజనీరింగ్ కళాశాల అధ్యాపకుడు)

ఇద్దరూ చెప్పినవాటిలో నిజం ఉంది. మొదటి టపాలో అడిగిన ప్రశ్న మాత్రం ఇంకా అలాగే ఉంది: వరుసలో పెడితే ఏమవుతుంది? కాస్త ఓపికగా చదవండి. ఇది నాకు చాలా ఇష్టమైన పాఠం.

పిస్టన్ పైకి వెళ్ళి, ఆగి, కిందికి దిగిన ప్రతిసారీ ఇంజను మీద ఒక బలం పడుతుంది. క్రాంకు (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే కడ్డీ) ఒక చుట్టుకు ఒకసారి వచ్చేది మొదటి తరగతి బలం. కనెక్టింగ్ రాడ్ వాలుగా ఊగుతుంది కాబట్టి పిస్టన్ పై సగంలో వేగంగా, కింది సగంలో నెమ్మదిగా కదులుతుంది. ఆ తేడా వల్ల చుట్టుకు రెండుసార్లు వచ్చేది రెండో తరగతి బలం. నాలుగు సిలిండర్ల వరుసలో మొదటిది రద్దవుతుంది గాని, రెండోది నాలుగు పిస్టన్లదీ ఒకటిగా కలిసి పైకీ కిందికీ కొడుతుంది. పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజన్లలో బ్యాలెన్స్ షాఫ్టులు (ఎదురు ఊపుతో ఆ ఊపును రద్దు చేసే కడ్డీలు) పెట్టేది అందుకే.

ఆరు సిలిండర్ల వరుసలో క్రాంకు పిన్నులు 120 డిగ్రీల ఎడంతో మూడు జతలుగా ఉంటాయి: 1-6, 2-5, 3-4. మూడు దిక్కులకు సమానంగా పంచిన బలాలను కూడితే సున్నా. రెండో తరగతి బలాలు కూడినా సున్నాయే. ఇక ముందు మూడు సిలిండర్లు ఇంజనును ఎటు ఊపబోతే వెనక మూడు సరిగ్గా దానికి ఎదురు ఊపుతాయి. రెండు వైపులా సమానమైన బరువున్న కావడి భుజం మీద నిలబడినట్టు ఇంజను నిలబడుతుంది. ఇందులో ఏ అదనపు షాఫ్టు సాయమూ లేదు. ఆ అమరిక స్వభావమే అంత.

వి6లో ఇది కుదరదు. మూడేసి సిలిండర్ల రెండు వరుసల్లో ప్రతి వరుసా ముందుకూ వెనక్కూ ఊగబోతుంది. దాన్ని కౌంటర్ వెయిట్లతోనో, బ్యాలెన్స్ షాఫ్టుతోనో ఆపాలి. 90 డిగ్రీల వి6లలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

వి8 సంగతి వేరు. 90 డిగ్రీల కోణం, క్రాస్‌ప్లేన్ క్రాంకు (పిన్నులు నాలుగు దిక్కులకు 90 డిగ్రీల ఎడంతో ఉన్నది) ఉన్న వి8లో రెండో తరగతి బలాలు రద్దవుతాయి. మిగిలిన ఊపును క్రాంకు మీది బరువైన కౌంటర్ వెయిట్లు పూర్తిగా తుడిచేస్తాయి. పైగా వి8లో ప్రతి 90 డిగ్రీలకు ఒక సిలిండరు మండితే సిక్స్‌లో ప్రతి 120 డిగ్రీలకు ఒకటి మండుతుంది. కాబట్టి శక్తి ధార వి8లోనే దట్టంగా ఉంటుంది. పికప్పుల చర్చల్లో "సిక్స్ నునుపు, వి8 గరుకు" అని రాసేవాళ్ళు వి6కు వర్తించే మాటను వి8కు అంటగడుతున్నారు.

సిక్స్‌కు ఒక బలహీనత కూడా ఉంది. క్రాంకు పొడవు. పొడవైన కడ్డీ మెలి తిరుగుతుంది. సిలిండర్లు మండే వరుసను 1-5-3-6-2-4గా పెట్టి బలాన్ని క్రాంకు పొడవునా పంచినా, ముందు కొసన మంచి డాంపరు (ఆ మెలిక ఊపును మింగే రబ్బరు చక్రం) లేకపోతే ఆ మెలిక క్రాంకునే విరిచేస్తుంది. పదిహేనేళ్ళు ఉంచుకునేవారు డాంపరు రబ్బరు మీద ఒక కన్ను వేసి ఉంచాలి.

#5 టెక్సాస్_పొలం

క్రాంకు_లెక్కలు గారూ, ధన్యవాదాలు. ఇన్నేళ్ళలో ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. అయితే నునుపు విషయంలో వి8కు నష్టం లేదు, టార్క్ విషయంలో అది ముందే ఉంది. మరి సిక్స్‌కు మిగిలింది రిపేరు సులువు ఒక్కటేనా?

#6 క్రాంకు_లెక్కలు

బేరింగులు మిగిలాయి. వరుస ఆరులో ఆరు సిలిండర్లకు ఏడు మెయిన్ బేరింగులు (క్రాంకును మోసేవి). ప్రతి క్రాంకు పిన్నుకూ రెండు పక్కలా ఒక్కో బేరింగు కాపు ఉంటుంది. ఒక పిన్ను మీద ఒకే రాడ్డు. వి8లో ఎనిమిది సిలిండర్లకు ఐదు మెయిన్ బేరింగులు. ఒక్కో పిన్నును రెండేసి రాడ్లు పంచుకుంటాయి. రోజంతా నిండు బరువు లాగే ఇంజనులో ఈ తేడా చిన్నది కాదు. పెద్ద లారీల డీజిల్ ఇంజన్లు ప్రపంచమంతటా వరుస ఆరుకే చేరుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

రెండోది స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం. కమిన్స్ 6.7 బోరు 107, స్ట్రోకు 124 మిల్లీమీటర్లు. పవర్ స్ట్రోక్ 99, 108. డ్యురామాక్స్ 103, 99. వి ఆకారంలో స్ట్రోకు పెంచితే ఇంజను రెండు పక్కలకూ పెరుగుతుంది, ఛాసీ పట్టాల మధ్య ఇరుకవుతుంది. వరుసలో పెంచితే పైకి పెరుగుతుంది, అక్కడ చోటుంది. పొడవైన స్ట్రోకున్న ఇంజను నెమ్మదిగా తిరుగుతూ పని చేయడానికి అనువైనది.

టార్క్ అంకె మాత్రం ఈ రోజుల్లో అమరికది కాదు. టర్బో ఎంత గాలి తోస్తుంది, ఇంజెక్టరు ఎంత డీజిల్ పోస్తుంది, ఆ ఒత్తిడిని బ్లాకు ఎంతవరకు ఓర్చుకుంటుంది అన్నవే దాన్ని తేలుస్తాయి. 1989లో ఇదే కుటుంబపు 5.9 ఇంజను ఇచ్చింది 160 హార్స్‌పవర్, 400 పౌండ్-అడుగులు. అమరిక మారలేదు, టార్క్ రెండున్నర రెట్లు దాటింది.

#7 పెర్త్_యూట్

పై మాటకు మా ఆస్ట్రేలియా నుంచి ఒక రుజువు. టయోటా ల్యాండ్ క్రూజర్ 79 పికప్పులో చాలా ఏళ్ళు 4.5 లీటర్ల వి8 డీజిల్ వచ్చింది. టార్క్ 430 న్యూటన్ మీటర్లు. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన 2.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను టార్క్ 500. గనుల దగ్గర పనిచేసే మావాళ్ళు వి8 పోయినందుకు ఇంకా బాధపడుతున్నారు. అంకె పెరిగినా వాళ్ళ బాధ తగ్గలేదు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పెద్ద ఇంజను తీరికగా చేసే పనిని చిన్న ఇంజను ఒత్తిడితో చేస్తుంది. అది ఎన్నేళ్ళు నిలుస్తుందో ఏళ్ళు గడిస్తేనే తెలిసేది.

#8 ఎడారి_డ్రైవరు (ఒమన్, సొంత ఊరు జగిత్యాల దగ్గర)

అన్నలందరికీ నమస్తే. నేను చదువుకున్న ఇంజనీరును కాను. ఇరవై ఏళ్ళకు పైగా గల్ఫ్‌లో పికప్పులే నడిపాను. నీళ్ళ ట్యాంకులు, ఇనుప పైపులు, ఒంటెలు, అన్నీ మోశాను.

మా దగ్గర వరుస ఆరు అంటే టయోటా 1హెచ్‌జెడ్. 4.2 లీటర్ల డీజిల్, టర్బో లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు మెల్లగానే పోతుంది. కానీ ఎండాకాలం మధ్యాహ్నం 48 డిగ్రీల్లో, ఏసీ వేసుకుని, నిండు నీళ్ళతో వాడీలో (ఎండిన వాగులో) రాళ్ళ మీద మొదటి గేరులో పాకుతుంటే ఆ ఇంజను ఎన్నడూ విసుక్కోలేదు. దానికి టైమింగ్ బెల్టు ఉంటుంది, వేళకు మార్చాలి. అంతకు మించి అది అడిగేది ఆయిలే.

పెట్రోల్‌లో 4.5 లీటర్ల వరుస ఆరు, 1ఎఫ్‌జెడ్, ఉండేది. దాని తరువాత అదే పికప్పులో 4 లీటర్ల వి6 వచ్చింది. అందరూ పాతదే మంచిదన్నారు. నా మాట కొంచెం వేరు. ఇసుకలో వి6 బండి ముక్కు తేలిక. పాతదాని బ్లాకు పోత ఇనుము, వి6ది అల్యూమినియం. దిబ్బ ఎక్కి అవతలికి దిగేటప్పుడు ముందు చక్రాలు కూరుకుపోవడం తగ్గింది. రాళ్ళ దారిలో బరువు లాగాలంటే మాత్రం నేను ఇప్పటికీ 1ఎఫ్‌జెడ్ తాళాలే అడుగుతాను. క్లచ్చు వదలగానే, యాక్సిలరేటరు తొక్కక ముందే, అది కదలడం మొదలుపెడుతుంది.

నిస్సాన్ పాట్రోల్‌లోని 4.8 లీటర్ల వరుస ఆరు గురించి ఎమిరేట్స్‌లో దిబ్బలెక్కే కుర్రాళ్ళను అడగండి. రాత్రంతా చెబుతారు.

టెక్సాస్ అన్నా, మీ పొలంలో వాన పడ్డాక నేల ఎలా ఉంటుంది? బంకమట్టి అయితే ముందు బరువు గురించి తప్పక ఆలోచించండి.

#9 టెక్సాస్_పొలం

మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. నల్లరేగడి లాంటి జిగట నేల. వాన పడితే ట్రాక్టరే దిగబడుతుంది.

#10 డెట్రాయిట్_డ్రాయింగ్

ఇంజన్ల అమరిక మీద పనిచేసే విభాగంలో ఉన్నాను. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అవసరం లేదు. సిక్స్ ఎందుకు పోయింది, ఎందుకు తిరిగొస్తోంది అన్నది ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తాను. ఆ కథ తెలిస్తే ఏది మేలన్నది మరోలా కనిపిస్తుంది.

అమెరికా పికప్పులో వరుస ఆరు ఒకప్పుడు పేదవాడి ఇంజను. బండి కొనేటప్పుడు అదనపు డబ్బు కట్టకపోతే వచ్చేది అదే. ఫోర్డ్ 300 క్యూబిక్ అంగుళాల సిక్స్, అంటే 4.9 లీటర్లు, 1965 నుంచి 1996 దాకా నడిచింది. ఏడు మెయిన్ బేరింగులు, క్యామ్‌కు గేర్లు. పెట్రోల్ ఇంజనుకు లారీ ఎముకలు పెట్టారు. పార్సిల్ బళ్ళలో, రైతుల పికప్పుల్లో, పొలాల్లో నీళ్ళు తోడే పంపుల మీద అది పనిచేసింది. 1997 ఎఫ్-150లో దాని స్థానంలోకి 4.2 లీటర్ల వి6 వచ్చింది. జనరల్ మోటార్స్ అంతకు ముందే, 1980లలోనే, తన సిక్సులను వదిలి 4.3 లీటర్ల వి6కు మారింది. అది 5.7 వి8లో రెండు సిలిండర్లు తగ్గించి చేసిన ఇంజను. వి8 తయారయ్యే యంత్రాల మీదే అదీ తయారయ్యేది. క్రాంకు_లెక్కలు గారు చెప్పిన 90 డిగ్రీల ఊపు దానికి తప్పలేదు, తరువాత బ్యాలెన్స్ షాఫ్టు పెట్టారు.

కాబట్టి సిక్స్‌ను ఓడించింది బలం కాదు, చోటు. చాలా కార్లు ముందు చక్రాల తోపుకు మారి ఇంజను అడ్డంగా పడుకుంది. పొడవైన సిక్స్ అలా పట్టదు. వి6 కారులోనూ పడుతుంది, పికప్పులోనూ పడుతుంది. ఒకే ఇంజను రెండు చోట్ల అమ్మవచ్చు. ఢీకొన్నప్పుడు నలగడానికి బానెట్ కింద ఖాళీ కావాలన్న నిబంధనలు కూడా పొట్టి ఇంజనుకే కలిసొచ్చాయి.

ఇప్పుడు గాలి తిరిగింది. రెండు టర్బోల వి6లో పొగ రెండు పక్కల నుంచి వస్తుంది. రెండు మ్యానిఫోల్డులు, రెండు కెటలిస్టులు (పొగను శుభ్రం చేసేవి), నాలుగు క్యామ్ షాఫ్టులు. కెటలిస్టు తొందరగా వేడెక్కితేనే ఉద్గార పరీక్ష గట్టెక్కుతుంది. వరుస ఇంజనులో వేడి అంతా ఒకే పక్కన ఉంటుంది. దాన్ని దగ్గరలోనే పట్టి శుభ్రం చేయవచ్చు. రెండు క్యామ్ షాఫ్టులు చాలు. నాలుగు సిలిండర్ల ఇంజనుతో బోరు, పిస్టన్, మండే గది ఆకారం పంచుకోవచ్చు. 2020 సిల్వరాడో 1500లో వచ్చిన 3 లీటర్ల డ్యురామాక్స్ డీజిల్ వరుస ఆరే, మొదట 277 హార్స్‌పవర్, 460 పౌండ్-అడుగులు. 2025 ర్యామ్ 1500లో హెమీ వి8 బదులు వచ్చిన 3 లీటర్ల హరికేన్ కూడా వరుస ఆరు. విచిత్రంగా రెండింటి కొలతలూ ఒకటే: బోరు 84, స్ట్రోకు 90.

అయితే హెమీ కావాలని కొనేవాళ్ళు పట్టుబట్టడంతో 2026 మోడల్‌కు దాన్ని తిరిగి తెచ్చారు. 395 హార్స్‌పవర్ హెమీని, 540 హార్స్‌పవర్ దాకా వెళ్ళే హరికేన్‌ను పక్కపక్కన పెట్టినా జనం ఆ వి8 శబ్దాన్ని అడిగారు. పికప్ కొనేవాడి మనసులో చెవికి కూడా చోటుంది. దాన్ని తక్కువ చేయను.

#11 ఆటోనగర్_మేస్త్రి

> సిక్స్‌ను ఓడించింది బలం కాదు, చోటు.

ఈ మాటకు చేతులెత్తి దండం. మరి ఆ 3 లీటర్ల డ్యురామాక్స్ కొత్త సిక్స్‌లో చెయ్యి పడుతుందా సార్?

#12 డెట్రాయిట్_డ్రాయింగ్

మేస్త్రి గారూ, అక్కడే మీకు నచ్చనిది ఉంది. పొడవు తగ్గించడానికి టైమింగ్ చెయిన్‌ను ఇంజను వెనక్కి, గేర్‌బాక్సు వైపుకు నెట్టారు. ఆయిల్ పంపును తిప్పే బెల్టు కూడా వెనకే. మొదటి తరం ఇంజనులో ఆ బెల్టును 1,50,000 మైళ్ళకు మార్చాలి. మార్చాలంటే గేర్‌బాక్సు దింపాలి. ముందు ఫ్యాన్ పక్కన ఉంటే మధ్యాహ్నం భోజనంలోపు అయ్యే పని. వరుస ఆరు అయినంత మాత్రాన రిపేరుకు సులువని అనుకోకూడదు. కమిన్స్ సులువుగా ఉన్నది వరుస వల్ల కొంత, లారీ కోసం గీసిన ఇంజను కావడం వల్ల ఎక్కువ.

అలాగే వి అయినంత మాత్రాన కష్టమనీ కాదు. ఫోర్డ్ 7.3 లీటర్ల పెట్రోల్ వి8 చూడండి. క్యామ్ ఒకటే, అదీ బ్లాకులోపల. పుష్‌రాడ్లు. టర్బో లేదు. పొట్టి ఇంజను, చుట్టూ ఖాళీ. ఏడాదికి నాలుగైదుసార్లు మాత్రమే బరువు లాగేవారికి నేను డీజిల్ కంటే దాన్నే చెబుతాను. టెక్సాస్ గారు ఎంత తరచుగా లాగుతారు?

#13 టెక్సాస్_పొలం

సీజన్‌లో వారం వారం. మిగతా రోజుల్లో నెలకు రెండు మూడు. డీజిలే సరైనదని అనుకుంటున్నాను.

#14 కొలరాడో_కొండదారి

రిపేరు విషయంలో వి8 తరఫున దాచేదేమీ లేదు. మా ఫోర్డ్‌లో టర్బో రెండు హెడ్ల మధ్య లోయలో కూర్చుంటుంది. పొగ లోపలి వైపుకు, గాలి బయటి వైపు నుంచి. వేడి మధ్యలోనే ఉండడం వల్ల టర్బో తొందరగా అందుకుంటుంది. కానీ హెడ్డు పని వస్తే చాలా వర్క్‌షాపులు క్యాబినే పైకెత్తుతాయి. గంటల కూలీ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మరో విషయం చెప్పాలి. ఈ రోజుల్లో పెద్ద డీజిల్ పికప్పును వర్క్‌షాపుకు చేర్చేది క్రాంకూ కాదు, బేరింగూ కాదు. ఈజీఆర్ కూలరు (ఇంజనులోకి తిరిగి పంపే పొగను చల్లార్చేది), పొగ ఫిల్టరు, డీఈఎఫ్ ద్రవం (పొగను శుభ్రం చేసే యూరియా ద్రావణం), హై ప్రెషర్ పంపు. సీపీ4 రకం హై ప్రెషర్ పంపు లోపల అరిగితే లోహపు పొడి ఇంజెక్టర్ల దాకా పోయి మొత్తం ఇంధన వ్యవస్థను పాడు చేస్తుంది. ఆ పంపు వి8లలో వచ్చింది. ర్యామ్ కూడా 2019, 2020 మోడళ్ళలో దాన్నే పెట్టి, రీకాల్ చేసి, 2021లో పాత సీపీ3కి తిరిగి వెళ్ళింది. కమిన్స్ 6.7కు 2024 మోడల్ దాకా గాలి దారిలో గ్రిడ్ హీటరు (చలిలో లోపలికి వెళ్ళే గాలిని వేడిచేసేది) ఉండేది. దాని బోల్టు కాలి వదులై సిలిండర్లో పడితే ఇంజను సంగతి అంతే. 2025లో దాన్ని తీసి గ్లో ప్లగ్గులు (సిలిండర్లనే వేడిచేసేవి) పెట్టారు. పాతది కొంటే ముందు ఆ బోల్టు చూపించుకోండి.

#15 శ్రీసిటీ_పక్కూరు

పెద్దలకు నమస్కారం. మధ్యలో ఒక చిన్న ప్రశ్న. మన దగ్గర ఆరు సిలిండర్ల పికప్ కొనడానికి దొరుకుతుందా? మా పక్కనే శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ ఉంది, వి-క్రాస్ అక్కడే తయారవుతుంది. పేరులో వి ఉందని మా తమ్ముడు అది వి6 అని వాదిస్తున్నాడు.

#16 ఆటోనగర్_మేస్త్రి

బాబూ, వి-క్రాస్ నాలుగు సిలిండర్ల వరుస ఇంజను, ఇప్పుడు వచ్చేది 1.9 లీటర్లు. హైలక్స్ 2.8, అదీ నాలుగే. బొలేరో పికప్పూ నాలుగే. మన దగ్గర వరుస ఆరు కావాలంటే లారీయో బస్సో చూసుకోవాలి. టన్నున్నర మామిడికాయలు మార్కెట్టుకు తోలడానికి నాలుగు చాలు. ఆరు పెడితే ముక్కు బరువు, డీజిల్ ఖర్చు తప్ప లాభం లేదు.

#17 క్రాంకు_లెక్కలు

మేస్త్రి గారు అన్న ముక్కు బరువు దగ్గరే టెక్సాస్ గారి నిర్ణయం తేలుతుంది. ఎడారి_డ్రైవరు అప్పుడే పట్టుకున్నాడు. కమిన్స్ ఇంజను ఒక్కటే అర టన్నుకు అటూ ఇటూ. పోత ఇనుప బ్లాకు, పోత ఇనుప హెడ్డు. డ్యురామాక్స్ హెడ్లు అల్యూమినియం, మొత్తం ఇంజను చెప్పుకోదగినంత తేలిక. ఆ బరువు ముందు ఇరుసు మీద కూర్చుంటుంది. బాల్ జాయింట్లు, ముందు టైర్లు ఆ బరువును రోజూ మోస్తాయి. పనిమంతుడైన ఇంజనుకు చెల్లించే అద్దె అది.

#18 కొలరాడో_కొండదారి

సరిగ్గా ఇదే లెక్క వేయాలి. ర్యామ్ 2500కు (దీని పై సైజు 3500) బండీ సామానూ కలిపి మొత్తం బరువు పరిమితి 10,000 పౌండ్లు. బరువైన డీజిల్ ఇంజను అందులో చాలా భాగం ముందే తినేస్తుంది. చాలా 2500 డీజిల్ బళ్ళ తలుపు స్టిక్కరు మీద మోత సామర్థ్యం 2,000 పౌండ్లకు అటూ ఇటూగా ఉంటుంది. గూస్‌నెక్ ట్రైలర్ బరువులో దాదాపు ఐదో వంతు పికప్ వెనక ఇరుసు మీద పడుతుంది. 14,000లో ఐదో వంతు 2,800. మీరు, మీ పక్కన మనిషి, పెట్టెలో పనిముట్లు ఇంకా ఎక్కనే లేదు. లాగే శక్తి ఉంటుంది, మోసే హక్కు ఉండదు.

కమిన్స్ కావాలంటే 3500 తీసుకోండి. మొత్తం బరువు పరిమితి 12,000 దాటుతుంది. వెనక 2500లోలా కాయిల్ స్ప్రింగులు కాకుండా పట్టీల స్ప్రింగులు ఉంటాయి. 2500 సైజే కావాలంటే షెవర్లే చూడండి, దాని పరిమితి డీజిల్‌లో ర్యామ్ కంటే ఎక్కువ.

ఇంతకాలం వి8 వైపు వాదించిన నేను మీ విషయంలో సిక్స్‌కే మొగ్గుతాను. మీరు కొండలెక్కరు, పనులు స్వయంగా చేసుకుంటారు, పదిహేనేళ్ళు ఉంచుకుంటారు. నేను ఎక్కే దారికి మాత్రం నా వి8 సరైనదే.

#19 టెక్సాస్_పొలం

నాకు కావలసిన జవాబు దొరికింది. 3500, వెనక ఒక్కో పక్క ఒక్కో చక్రమే ఉన్నది, 2025 లేదా ఆ తరువాతి మోడల్, కమిన్స్. వాన పడ్డ వారం రేగడిలోకి పికప్పును దింపను, ఆ పని ట్రాక్టరుతో కానిస్తాను. శనివారం డీలర్ దగ్గరకు వెళుతున్నాను. నాలుగైదు బళ్ళ తలుపు స్టిక్కర్లు ఫోటో తీసి అంకెలు ఇక్కడ పెడతాను.

#20 ఆటోనగర్_మేస్త్రి

వెళ్ళినప్పుడు బానెట్ ఎత్తి చూడండి సార్. ఆరో సిలిండరు అద్దం కింది రేకు లోపలికి దూరి ఉంటుంది. ముందు వైపు నిలబడి, చెయ్యి చాచి, ఆరో ఇంజెక్టరు దాకా మీ వేళ్ళు వెళతాయో లేదో చూడండి. వెళ్ళకపోతే బంపరు మీద వేసుకోవడానికి ఒక పలక, మంచి పొడవైన సాకెట్ రాడ్డు ఇప్పుడే కొనిపెట్టుకోండి. వాల్వ్ కవరు విప్పే రోజున వాటి అవసరం పడుతుంది.